‘కాళ్లల్ల సత్తువ పోయింది బిడ్డా’ అంటున్న అత్తమ్మకు

ప్రశ్న: మాది హనుమకొండ. అత్తమ్మకు 71 ఏండ్లు. నర్సంపేట దిక్కు పల్లెటూరు. మామయ్య పోయినంక రెండేండ్ల కింద మా దగ్గరికి తెచ్చుకున్నం. ఊళ్లె ఉన్నప్పుడు నాట్లేసింది, పత్తి ఏరింది, కల్లంల వడ్లు ఎత్తింది. ఇప్పుడు సోఫాల కూసుంటే చెయ్యి ఇస్తెనే లేస్తది. సంక్రాంతి తెల్లారి బాత్రూంల జారి పడ్డది. బొక్క ఇరగలేదు గానీ, అప్పటిసంది మా ఆయన ఆమెను ఒక్కదాన్నే లేవనిస్తలేడు. ఎక్స్‌రేల మోకాళ్లు కొంచెం అరిగినయన్నరు. బీపీ గోలి ఒకటి వేసుకుంటది, షుగర్ లేదు. ఇది వయసుతోటి వచ్చేదేనా? బలానికి టానిక్ గానీ సూది గానీ ఉన్నదా? వాకర్ కొనాల్నా? ఈసారి బతుకమ్మకు ఊరికి పోయి ఆడాల్నని ఆమెకు మస్తు ఆశ. చిన్నచిన్న పనులు చెప్పుదామంటే చుట్టాలు ఏమంటరో అని నాకు భయం. – ఒక కోడలు

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మోకాళ్ల సంగతి, బీపీ సంగతి, పడిపోయిన సంగతి చూశాను. రెండోసారి ‘ఒక్కదాన్నే లేవనిస్తలేడు’ అన్న మాట దగ్గర ఆగాను. అత్తమ్మ కాళ్లలోని సత్తువ ఎటు పోయిందన్నదానికి సగం జవాబు అక్కడే ఉంది.

ఊళ్లో ఉన్నప్పుడు ఆమె రోజుకు ఎన్నిసార్లు కూర్చుని లేచేదో ఒక్కసారి లెక్క వేయండి. పొద్దున్నే వాకిలి ఊడ్చి, సాన్పి చల్లి, వంగి ముగ్గేసేది. పొయ్యి ముందు పీట మీద కూర్చుని లేచేది. గడప దాటి, అరుగు దిగి, పొలం గట్టు ఎక్కేది. కలుపు తీసేటప్పుడు గొంతుకూర్చుని సాలు పొడుగునా జరిగేది. అన్నం తినడం కిందే, పడక నులక మంచం మీదే. అన్నీ కలిపితే వందసార్లయినా ఆశ్చర్యం లేదు. మీ ఫ్లాట్‌లో మంచం మీంచి సోఫాకు, సోఫాలోంచి భోజనం బల్లకు, మధ్యలో బాత్రూంకు. మహా అయితే పదిసార్లు. అందులోనూ ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపుతారు, అంటే ఆమె తొడలు మోయాల్సిన బరువు మీ భుజం మోస్తోంది. పని లేని కండను ఒళ్లు ఎక్కువ రోజులు పోషించదు.

వయసుతో వచ్చేదేనా అని అడిగారు. కొంతవరకు అవును. ముప్పై దాటినప్పటి నుంచి ఒంట్లో కండ పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకాస్త వేగంగా తగ్గుతుంది. ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1989లో దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకులో మాంసం తరిగిపోవడం అని అర్థం. కండ తగ్గిన దానికంటే బలం తగ్గేది ఎక్కువ. కండలో చటుక్కున లాగే పోగులు కొన్ని, నిదానంగా లాగే పోగులు కొన్ని ఉంటాయి. ముందు సన్నబడేవి చటుక్కున లాగేవి. కాలు తొట్రుపడ్డప్పుడు రెండో కాలు టక్కున ముందుకేసి మనిషిని నిలబెట్టేవి అవే. మీ అత్తమ్మ ఇంట్లో నెమ్మదిగా తిరగగలిగినా, బాత్రూంలో జారినప్పుడు ఆపుకోలేకపోయింది అందుకే.

వయసు తీసుకుపోయేది ఏళ్ల మీద పోతుంది. కూర్చోబెడితే పోయేది రోజుల మీద పోతుంది. 2007లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ల వయసున్న ఆరోగ్యవంతులను పది రోజుల పాటు మంచం మీదే ఉంచారు. వాళ్లకు జ్వరం లేదు, దెబ్బ లేదు, తిండికి లోటు లేదు. పదో రోజుకు వాళ్ల కాళ్లలోంచి దాదాపు కిలో కండ తగ్గిపోయింది. సంక్రాంతి నుంచి ఇప్పటిదాకా మీ ఇంట్లో ఎన్ని పది రోజులు గడిచాయో చూసుకోండి.

ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. మా ఇంట్లోనూ ఇదే జరిగింది. మా అమ్మమ్మది పరకాల దగ్గరి ఊరు. 78వ ఏట అరుగు దిగుతూ పడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించాం. దెబ్బ చేతికే అయినా ఇంటిల్లిపాదీ కలిసి నెలన్నర పాటు ఆమెను మంచం దిగనివ్వలేదు. అన్నం మంచం దగ్గరికే, నీళ్లు మంచం దగ్గరికే. నేనప్పుడు ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్నాను. పుస్తకంలో తొడ కండరాల పేర్లు వల్లె వేస్తూనే ఆమె కాళ్ల కింద దిండు సర్దేదాన్ని. కట్టు విప్పిన రోజు నిలబెడితే, మోకాళ్లు గడగడా వణికి అలాగే కూలబడింది. ఆ తర్వాత మూడేళ్లు బతికింది. ఎవరి భుజమో పట్టుకోకుండా ఒక్కరోజు కూడా నడవలేదు. ఆమె విరగ్గొట్టుకున్నది చెయ్యి, మేం పోగొట్టింది కాళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఆ నెలన్నర గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. మీవారికి ఈ ఒక్క పేరా చదివి వినిపించండి.

ఇప్పుడు ధైర్యం చెప్పే మాట. పోయిన సత్తువ తిరిగొస్తుంది, ఏ వయసులోనైనా. 1990లో బోస్టన్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో, తొంభై ఏళ్ల అటూ ఇటూ ఉన్న పదిమందితో మరియా ఫియాటరోన్ అనే డాక్టర్ తొడ కండరాలకు బరువుల కసరత్తు మొదలుపెట్టించారు. తేలికపాటి చేతులు ఊపడం కాదు, వాళ్లు మోయగలిగిన దాంట్లో గట్టి బరువే. ఎనిమిది వారాలు పూర్తిచేసిన తొమ్మిది మందిలో కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. వాళ్లతో పోలిస్తే మీ అత్తమ్మ చిన్నది, పైగా జీవితమంతా కష్టం చేసిన ఒళ్లు.

కసరత్తు మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించండి. ఎక్స్‌రే ఒక్కటి సరిపోదు. బీపీ గోలి వేసుకునేవాళ్లు పడిపోతే నేను మొట్టమొదట అడిగేది, లేచి నిలబడ్డప్పుడు బీపీ ఎంత ఉందని. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకంటే ఎక్కువగానీ పడిపోతుంటే మందు మార్చాల్సిన పని ఉంటుంది. అది డాక్టర్ చేయాలి, మీ అంతట మీరు గోలి ఆపొద్దు. నిద్రగోలీ ఏదైనా వేసుకుంటుంటే అదీ చెప్పండి. విటమిన్ డి, బి12, థైరాయిడ్, రక్తం ఎంతుందో చూపించండి. కళ్లలో శుక్లాలున్నాయేమో కూడా చూపించండి. సరిగా కనపడనివాళ్లు కాలు బలంగా ఉన్నా భయంతో ఈడ్చి నడుస్తారు.

కొన్ని లక్షణాలు కనపడితే కసరత్తు మాట పక్కన పెట్టి పరుగెత్తాలి. ఒక పక్క చెయ్యి, కాలు ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది పక్షవాతం. 108కు ఫోన్ చేయండి. గడ్డ కరిగించే సూది మొదటి నాలుగున్నర గంటల్లోపే పని చేస్తుంది. నడుంనొప్పితో పాటు రెండు కాళ్లు మొద్దుబారి, మూత్రం పట్టు తప్పినా ఆగకూడదు. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డ కట్టిందేమో చూపించాలి. నాలుగడుగులు వేయగానే పిక్కలు పట్టేసి, నిలబడితే తగ్గుతుంటే అది రక్తనాళాల సంగతి కావచ్చు.

ఇవేవీ లేవనుకుందాం. అప్పుడు ఈ ఆదివారం ఒక పని చేయండి. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి వేయండి, వెనక్కి జరగకుండా. అత్తమ్మను కూర్చోబెట్టి, చేతులు రెండూ ఛాతీ మీద కట్టుకోమనండి. చేతి సాయం లేకుండా ఐదుసార్లు నిలువుగా లేచి కూర్చోమని చెప్పి, ఫోన్‌లో సెకన్లు చూడండి. మీరు పక్కనే నిలబడాలి గానీ ముట్టుకోకూడదు. మన ఆసియా దేశాల డాక్టర్ల బృందం 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లు బలహీనపడ్డట్టే. మీ అత్తమ్మ ఒక్కసారి కూడా లేవలేకపోవచ్చు. కంగారు పడొద్దు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసింది, అంతే. ఆ అంకె క్యాలెండర్ మీద రాసిపెట్టండి.

ఆమె లేచేటప్పుడు జాగ్రత్తగా గమనించండి. ఇలాంటివాళ్లు చాలామంది పాదాలు ముందుకు చాపి, నడుం వెనక్కి ఆనించి, అక్కడినుంచి ఒక్క ఊపున లేవాలని చూస్తారు. ఒకసారి ఊగుతారు, రెండుసార్లు ఊగుతారు, మూడోసారి కుర్చీ అంచు పట్టుకుని, ‘అమ్మా’ అని మూలిగి, మళ్లీ వెనక్కి పడతారు. బలం లేకపోవడం ఒకటైతే, ఒంటి బరువు పిర్రల మీదే ఉండిపోవడం రెండోది. ముందు ఆమెను కుర్చీ అంచుకు జరగమనండి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాక్కోవాలి, మడమలు నేలకు ఆనాలి. రెండు పాదాల మధ్య జానెడు ఎడం ఉండాలి. ఇప్పుడు ముందుకు వంగాలి, ముక్కు కాలి బొటనవేళ్ల మీదికి వచ్చేదాకా. మొదటిసారి ఇది ఆమెకు భయంగా ఉంటుంది, బోర్లా పడతాననుకుంటుంది. ఎదురుగా మీరు ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోండి, ధైర్యం వస్తుంది. ముక్కు బొటనవేళ్ల మీదికి వచ్చిన క్షణాన పిర్రలు వాటంతటవే తేలికపడతాయి. అప్పుడు నేలను పాదాలతో తొక్కుతూ లేవాలి. నేను కళ్లారా చూశాను, ఈ ఒక్క కిటుకు తెలిస్తేనే మొదటి రోజే లేచినవాళ్లున్నారు.

లేవడం సగమే. కూర్చోవడం మిగతా సగం, దాన్నే అందరూ మరిచిపోతారు. దబ్బున సోఫాలో పడిపోతే తొడ కండ పని చేయనట్టే, పైగా వెన్నుకు దెబ్బ. నెమ్మదిగా, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెడుతూ దిగాలి. పైకి లెక్కపెట్టమనడం ఊపిరి బిగబట్టకుండా ఉండటానికి. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి బలం చేయకూడదు.

ఆ ఎత్తు నుంచి అసలే లేవలేకపోతే కుర్చీ మీద బొంత మడతపెట్టి వేయండి, రెండు బొంతలైనా సరే. ఎత్తు పెరిగితే తేలిక. ఐదుసార్లు లేవడం, ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఐదుసార్లు. రోజు విడిచి రోజు, వారానికి మూడు రోజులు. ఐదు తేలికైపోతే ఎనిమిది, ఆపైన పది. పదేసి చొప్పున మూడు విడతలు చేయగలిగిన నాడు ఒక బొంత తీసేయండి. అన్ని బొంతలూ తీసేశాక, కిలో కందిపప్పు ప్యాకెట్ ఛాతీకి హత్తుకుని లేవమనండి. ఆఖరి రెండుసార్లు ఆమెకు కష్టంగా అనిపించాలి. మొహంలో ఏ మార్పూ లేకుండా పదీ చేసేస్తోందంటే, ఆ కసరత్తు అప్పటికే చాలడం లేదని అర్థం. ఇళ్లలో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. నాలుగు నెలలు అవే పది, అదే ఎత్తు, ఆ తర్వాత ‘చేసినం మేడం, లాభం లేకపాయె’ అంటారు.

మోకాళ్ల అరుగుదల ఉంది కదా అంటారు. కొంచెం అరిగిన మోకాలికి తొడ కండ బలపడటమే మంచి మందు. కండ మోయని బరువంతా కీలు మీదే పడుతుంది. చేసేటప్పుడు ఓర్చుకోగలిగినంత నొప్పి ఉండి, మర్నాటి పొద్దుటికి మామూలైపోతే భయం లేదు. మోకాలు వాచినా, మర్నాడు కూడా నొప్పి తగ్గకపోయినా బొంత మళ్లీ వేయండి, సంఖ్య తగ్గించండి. మానేయకండి.

దీనికి తోడు వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి ముని వేళ్ల మీద నిలబడటం పదిసార్లు. పిక్కలు నడకలో మనిషిని ముందుకు నెట్టేవి. అదే గట్టు పట్టుకుని కాలు పక్కకు ఎత్తడం ఒక్కోటి పదిసార్లు. ఇక తూకం కోసం, అంటే తూలకుండా నిలదొక్కుకోవడానికి, ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు తగిలేలా ఒకే గీత మీద నిలబడటం, పది సెకన్లు. మొదట చేతులతో, తర్వాత ఒక వేలితో, తర్వాత గాల్లో. పట్టుకునేది కదలని గట్టే కావాలి. బాత్రూంలో తువ్వాల వేసే రాడ్డు పట్టుకుంటే అది ఊడి చేతికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో 65 దాటినవాళ్లకు చెప్పింది కూడా ఇదే: వారానికి 150 నిమిషాల నడకలాంటి శ్రమ, అది కాక రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు, మూడు రోజులు తూకం, బలం కలిసిన కసరత్తు. నడక ఒక్కటే చాలనుకుంటారు మనవాళ్లు. భద్రకాళి చెరువు బండ్ మీద పొద్దున్నే రోజూ నడుస్తూ, కింద కూర్చుంటే లేవలేని పెద్దవాళ్లు నాకు చాలామంది తెలుసు. చదును నేల మీద నడకకు తొడల పూర్తి బలం అక్కర్లేదు, అందుకే అది పెరగదు కూడా.

ఇప్పుడు చుట్టాల మాట. ఉత్తరంలో మీరు ఆఖరి వాక్యంగా రాసినా, మీ మనసులో మొదటిది ఇదేనని నాకు తెలుసు. ‘కోడలు కాలు కింద పెట్టనియ్యది’ అంటే మన దగ్గర పెద్ద మెప్పు. అత్త చేతిలో చీపురు కనపడితే చాలు, ఊరంతా మాట పాకుతుంది. ఆ భయం ఉత్తిది కాదు. కాబట్టి పని చెప్పేది మీరు కాకుండా డాక్టర్ అయ్యేలా చూసుకోండి. కాగితం మీద రాయించుకోండి: రోజూ నిలబడి చేసే పనులు, మెట్లు, కుర్చీ కసరత్తు. ఆ కాగితం ఫ్రిజ్ మీద అతికించండి. ఎవరన్నా అడిగితే చూపించండి. మీవారు తన నోటితో ‘అమ్మకు ఇదే ట్రీట్‌మెంట్’ అని చుట్టాల ముందు ఒకసారి అంటే మీ మీద పడే మాట సగం ఆగిపోతుంది. ఆ పని ఆయనదే.

పనుల్లో కూడా కూర్చుని చిక్కుడుకాయలు గిల్లేవి, బియ్యం ఏరేవి కాళ్లకు అక్కరకు రావు. అవి చేయొద్దని కాదు, లెక్కలోకి రావు. ఆరేసిన బట్టలు తీసి మడతపెట్టడం, తులసికి నీళ్లు పోయడం, దేవుడి దగ్గర దీపం, నిలబడి రొట్టెలు ఒత్తడం ఆమెకు ఇవ్వండి. కిందికి కూరగాయల బండి వస్తే ఆకుకూర బేరం ఆమెనే చేయనివ్వండి. లిఫ్ట్‌లో దిగి, బలం వస్తున్నకొద్దీ ఒక అంతస్తు మెట్లు పట్టాకు చెయ్యి వేసుకుని ఎక్కనివ్వండి. ఏ పని కావాలో ఆమెనే అడగండి. మామయ్య పోయాడు, ఊరు పోయింది, చేతిలో పని పోయింది, అన్నీ ఒక్క ఏడాదిలోనే. సోఫాలో గంటలు గంటలు కూర్చునే ముసలమ్మల్లో కొందరికి కాళ్ల కంటే ముందు మనసు కూలబడి ఉంటుంది. తిండి మీద ధ్యాస లేకపోయినా, నిద్ర పట్టకపోయినా, ఊరికే కళ్లనీళ్లు పెట్టుకుంటున్నా డాక్టర్‌కు అదీ చెప్పండి. దానికీ వైద్యం ఉంది.

టానిక్ గురించి. 1994లో అదే ఫియాటరోన్ బృందం, సగటున 87 ఏళ్ల వయసున్న వందమందితో ఇంకో పరిశోధన చేసింది. కొందరికి కసరత్తు, కొందరికి బలం ఇచ్చే పానీయం, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పదివారాల తర్వాత కసరత్తు చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. పానీయం మాత్రమే తాగినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. క్యాల్షియం గోలీ బొక్కలకు, కండకు కాదు. విటమిన్ డి పరీక్షలో తక్కువగా ఉంటే డాక్టర్ చెప్పిన మోతాదులో తప్పక ఇవ్వండి, కానీ బలానికని ఊరికే పెద్ద డోసు సూదులు వేయించకండి. ఆస్ట్రేలియాలో 70 దాటిన 2 వేల మందికి పైగా స్త్రీలకు ఏడాదికొకసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలు తగ్గకపోగా పెరిగాయని 2010లో తేలింది. నూనె మర్దనకు నేను అడ్డు చెప్పను, ఆమెకు హాయిగా ఉంటుంది, మీ చెయ్యి తగులుతుంది. కండ మాత్రం దానితో రాదు.

డబ్బు పెట్టాలనుకుంటే తిండి మీద పెట్టండి. ఆమె రోజు తిండి నేను ఊహించగలను: పొద్దున చాయ్‌లో రెండు బిస్కెట్లు, పగటి పూట అన్నం, పచ్చిపులుసు, రాత్రి అన్నం మజ్జిగ. సోమవారం, శనివారం ఒక్కపొద్దు. మాంసకృత్తులు అందులో ముప్పై గ్రాములు దాటడం కష్టం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల చొప్పున చెబుతుంది. వయసు మళ్లినవాళ్లకు కండ నిలవాలంటే 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల వైద్యం చేసే నిపుణులు అంటున్నారు. ఆమె 50 కిలోలుంటే 50 నుంచి 60 గ్రాములు. రెండు గుడ్లలో 12, పెద్ద గ్లాసు పాలలో 8, గిన్నెడు గట్టి ముద్దపప్పులో 7, 8, గుప్పెడు పల్లీల్లో 7. గుడ్డు తినని రోజున బొబ్బర్ల గుడాలో, పెసర గుడాలో చేసి పెట్టండి. సర్వపిండి చేస్తే పల్లీలు, శనగపప్పు చెయ్యి జారి ఎక్కువే పడనివ్వండి. ఆదివారం ఒక్క పూట కోడికూర పెట్టి వారమంతా సరిపోయిందనుకోవద్దు. మూడు పూటలా కొంత కొంత పడాలి. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ లెక్క వర్తించదు, డాక్టర్‌ను అడిగే పెట్టాలి. నమల్లేక గట్టివి పక్కన పెడుతోందేమో పళ్లు చూపించండి. ఇంకొకటి, బాత్రూంకు మాటిమాటికి లేవాల్సి వస్తుందని ఈ వయసు ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, పైకి చెప్పరు. నీళ్లు తగ్గితే లేచినప్పుడు కళ్లు తిరుగుతాయి.

బాత్రూంలో కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు బోల్టులతో బిగించిన స్టీలు పట్టాలు వేయించండి. ఆమె ఇప్పుడు నల్లా పట్టుకుని లేస్తూ ఉండి ఉంటుంది, చూడండి. రాత్రి మంచం నుంచి బాత్రూం దాకా చిన్న దీపం వెలగాలి. హవాయి చెప్పులు తీసేసి, మడమ వెనక పట్టీ ఉన్నవి కొనండి. చీర కుచ్చిళ్లు పాదం మీద పడకుండా ఒక అంగుళం పైకి కట్టుకోమనండి. ఆ లోతు సోఫాలో ఆమెను కూర్చోనివ్వకండి, చేతులున్న ఎత్తు కుర్చీ ఆమెది అనుకోండి. వాకర్ ఇప్పుడే వద్దు. బయటికి వెళ్లేటప్పుడు ధైర్యానికి చేతికర్ర చాలు. చెయ్యి కిందికి వేలాడదీస్తే మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి. ఏ మోకాలు ఎక్కువ నొప్పో దానికి ఎదురు చేతిలో పట్టుకోవాలి. పడిపోవడం మళ్లీ మళ్లీ జరిగితే వాకర్ సంగతి ఆలోచిద్దాం.

నెలన్నర కసరత్తు అయ్యాక, కింద చాప మీంచి లేవడం నేర్పండి. ‘పడితే లేవలేను’ అన్న భయమే ఆమెను ఎక్కువగా కట్టేస్తోంది. ఒక పక్కకు తిరగాలి, మోచేతి మీద లేచి, రెండు చేతులూ రెండు మోకాళ్లూ నేలకు ఆనించాలి. అలా పాకుతూ కుర్చీ దాకా వెళ్లి, రెండు చేతులు కుర్చీ మీద పెట్టి, బలమైన కాలు పాదం ముందుకేసి, దాని మీద బరువు వేసి లేవాలి. మోకాళ్ల కింద దిండు వేయండి. ఒకసారి సొంతంగా లేచిందా, ఆమె మొహమే మారిపోతుంది. ఈ దృశ్యం నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

మీ ఉత్తరం జూన్ మొదటివారంలో వచ్చింది. పెత్రమాసకు, అంటే ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా మూడు నెలల పైనే ఉంది. కండలో బలం కనపడటానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది కాబట్టి రోజులు సరిపోతాయి. బతుకమ్మ ఆట ఒకసారి మనసులో ఆడి చూడండి: పక్కకు అడుగు, నడుం వంచడం, చప్పట్లు, లేవడం, మళ్లీ పక్కకు అడుగు, గుండ్రంగా. పక్కకు అడుగేయడం, వంగి లేవడం, చుట్టూ మనుషులు కదులుతుంటే తూకం తప్పకుండా ఉండటం. నేను క్లినిక్‌లో విడివిడిగా చేయించేవన్నీ అందులో ఉన్నాయి. ఆగస్టు నుంచి సాయంత్రం పూట హాల్‌లో సోఫా జరిపి, మీరిద్దరూ ఒక్క పాట ఆడండి. మధ్యలో బతుకమ్మ బదులు స్టూలు పెట్టుకోండి.

ఊళ్లో మొదటిరోజు ఆమెను ఒక్క పాటకే ఆడనివ్వండి, వలయానికి దగ్గర్లో కుర్చీ వేసి పెట్టండి. మర్నాడు కాళ్లు పట్టేస్తే ఒకరోజు ఆగి మళ్లీ ఆడొచ్చు. సద్దుల నాటికి ఎన్ని పాటలకు నిలబడగలిగిందో, ఆదివారం క్యాలెండర్ మీద రాసే అంకె అప్పటికి ఎంతకు దిగిందో నాకు రాయండి.